వాఫ్లియాలో తొమ్మిది రోజులు

కనకదుర్గ అమెరికాలోని క్యారీలో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేరి అప్పటికి రెండేళ్ళు. చీరాల జూనియర్ కాలేజీలో ఆరేళ్ళు సివిక్స్ చెప్పిన మనిషికి ఈ పని మొదట్లో వింతగా ఉండేది. ఏ టీచరు సెలవు పెడితే ఆ టీచరు గదిలో కూర్చోవాలి. హాజరు వేయాలి, బల్ల మీద పెట్టి వెళ్ళిన వర్క్‌షీట్లు పంచాలి, గంట కొట్టేదాకా గది నిలబడి ఉండేలా చూడాలి. ఒక రోజు లెక్కలు, ఒక రోజు స్పానిష్, ఒకసారి వారమంతా వ్యాయామం. ఆ వారం ఆమె ఈల ఊదడం నేర్చుకుంది తప్ప పాఠం చెప్పిందేమీ లేదు.

ఆ మార్చిలో మాత్రం వేరే పిలుపు వచ్చింది. హైస్కూల్లో సోషల్ స్టడీస్ చెప్పే మిసెస్ హాలిస్ మోకాలి ఆపరేషనుకి వెళుతూ, ఆరు వారాలకీ ఒక్కరే సబ్‌స్టిట్యూట్ ఉండాలనీ, ఆ ఒక్కరూ మిసెస్ కె అయితే బాగుంటుందనీ ఆఫీసులో చెప్పి వెళ్ళింది. కనకదుర్గ ఇంటిపేరు కొల్లిపర. అది స్కూల్లో ఎవరి నోటా తిరగక మిసెస్ కె అయి కూర్చుంది.

"ఆరు వారాలంటే పాఠాలు నువ్వే చెప్పుకోవాలేమో కదా?" అన్నాడు ఆమె భర్త దివాకర్, ఆఫీసుకి బయల్దేరుతూ కారు అద్దం మీద పుప్పొడి తుడుస్తూ. వసంతం మొదలైందంటే క్యారీలో పైన్ చెట్లు ప్రతి కారుకీ పసుపు పూసి వదులుతాయి.

"నేనే చెప్పాలి."

"టెన్షన్‌గా ఉందా?"

"లేదండీ. ఎప్పుడు సోమవారం వస్తుందా అని ఉంది."

దివాకర్ ఆమె వైపు చూసి నవ్వాడు. పెళ్ళయిన కొత్తలో, కాలేజీ నుంచి చేతినిండా సుద్దపొడితో ఇంటికొచ్చే మనిషి మొహం ఇలాగే ఉండేది.

మిసెస్ హాలిస్ వదిలి వెళ్ళిన ప్రణాళికలో తరువాతి పాఠం పేరు "ఏకపార్టీ నిరంకుశ రాజ్యం: ప్రభుత్వం, అధికార నిర్మాణం". పుస్తకంలో దానికి రెండున్నర పేజీలు, దానితో పాటు ఒక వర్క్‌షీటు. వర్క్‌షీటులో మెట్లు మెట్లుగా పైకి సన్నబడే గోపురం బొమ్మ, మెట్టుకో ఖాళీ గడి. ఏ గడిలో ఎవరుంటారో రాయాలి. పదో తరగతి పిల్లలు ఇరవై ఆరుగురు దాన్ని అందుకుని, మైక్రోవేవ్ దగ్గర నిలబడ్డవాళ్ళలా గోడ గడియారం వైపు చూశారు.

కైల్ అనే పొడవాటి కుర్రాడు చెయ్యెత్తాడు. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు. కూర్చుంటే మోకాళ్ళు బల్లకు తగులుతాయి.

"మిసెస్ కె, అన్నిటికన్నా పై గడిలో ప్రెసిడెంట్ అని రాసేయొచ్చా?"

"ఎందుకలా అనుకున్నావు?"

"పైన ఉండేది ప్రెసిడెంటేగా. ఇంకెవరుంటారు?"

కనకదుర్గ వరసల మధ్య నడుస్తూ ఆ కాగితాలన్నీ వెనక్కి తీసేసుకుంది.

"మనం ఒక దేశం పెడదాం," అంది. "తొమ్మిది రోజులు. పేరు మీరే పెట్టండి."

ఆ ఉదయం సగం మంది వాఫుల్స్ అనే గళ్ళ అట్లు తిని వచ్చినట్టున్నారు. దేశం పేరు వాఫ్లియా ప్రజా గణతంత్రం అయింది. రాజ్యాంగం బోర్డు మీద అందరూ కలిసే రాశారు. మాట్లాడే స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ, గుమిగూడే స్వేచ్ఛ, ఎన్నికైన పార్లమెంటు, స్వతంత్ర న్యాయస్థానం, దేశానికో అధ్యక్షుడు. ఇదేదో అచ్చం మన దేశంలానే ఉందే అని ఎవరో అన్నారు. అప్పుడు కనకదుర్గ అన్నిటికన్నా కింద, ఉన్న కాస్త చోటులో ఇరికించి, ఒక వాక్యం తాను రాసింది. "దేశానికీ ప్రభుత్వానికీ దారి చూపేది ప్రగతి పార్టీ. వేరే పార్టీ ఉండదు."

"అంతేనా?" అన్నాడు కైల్.

"అంతే."

రాజ్యం అన్నాక ఆస్తులు ఉండాలి కదా. కిటికీ పక్కన ఎనిమిది సీట్లున్నాయి. అక్కడ ఎండ పడుతుంది, ఆటస్థలం కనిపిస్తుంది. రోజూ మొదటి ఐదు నిమిషాలు ఎవరి పాటలు పెట్టాలి, శుక్రవారం హోంవర్కు ఎవరికి ఎక్కువ ఎవరికి తక్కువ, కుకీల డబ్బా ఎటువైపు నుంచి మొదలవ్వాలి, ఇవన్నీ ఇకపై వాఫ్లియా సొత్తు. ఎవరికేది దక్కాలో రాజ్యం నిర్ణయిస్తుంది.

పదవులు చీటీల మీద రాసి, కడిగి ఎండబెట్టిన పెరుగు డబ్బాలో వేసి తెచ్చింది. కైల్‌కి దేశాధ్యక్షుడు వచ్చింది. వాడు లేచి నిలబడి గది నాలుగు వైపులకీ చెయ్యి ఊపాడు. డిబేట్ పోటీల్లో కప్పులు గెలిచే రెబెకాకి పార్టీ ప్రధాన కార్యదర్శి వచ్చింది. ఓవెన్‌కి భద్రతా శాఖ. కామిలాకి దేశంలోని ఒకే ఒక్క పత్రికకు సంపాదకత్వం. స్పీకర్, న్యాయమూర్తి పదవులూ కలుపుకుని మొత్తం తొమ్మిది మంది పార్టీ కేంద్ర కమిటీ. మిగతావాళ్ళు పౌరులు.

కమిటీలో చివరి చీటీ ప్రణవికి వచ్చింది. ప్రణవి క్యారీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వాళ్ళ ఇల్లు కనకదుర్గ వాళ్ళకి రెండు వీధుల అవతల. తల్లి నమ్రత, కనకదుర్గ వారానికోసారైనా కలిసి కూరగాయలకి వెళతారు. ఇంట్లో గలగలా మాట్లాడే ఆ పిల్ల క్లాసులో చివరి వరసలో నోరు విప్పకుండా కూర్చునేది. చీటీ చదివి ఆమె మొహం చిన్నబోయింది.

"ఆర్గనైజేషన్ సెక్రటరీ అంటే ఏం చేయాలి, ఆంటీ?" అని, క్లాసులో ఉన్న సంగతి గుర్తొచ్చి, "అదే, మిసెస్ కె," అని సర్దుకుంది.

"ఎవరికి ఏ పని ఇవ్వాలో పేర్ల జాబితా రాసి పెట్టుకోవడం. అంతే."

"బోరింగ్‌గా ఉంది."

"ఉంటుంది," అంది కనకదుర్గ.

రెండో రోజు కైల్ మంచి మనసుతో మొదలుపెట్టాడు. కిటికీ సీట్లు రోజుకి ఎనిమిది మంది చొప్పున అందరికీ వంతుల వారీగా అని ఒక ఉత్తర్వు రాసి, పెద్దగా సంతకం పెట్టి, స్పీకర్‌గా ఉన్న అమ్మాయికి ఇచ్చాడు.

ఆ అమ్మాయి చదివి, "పార్టీ ఒప్పుకుందా?" అంది.

"నేను ప్రెసిడెంట్‌ని."

"తెలుసు. పార్టీ ఒప్పుకుందా?"

కైల్ న్యాయమూర్తి దగ్గరికి వెళ్ళాడు. న్యాయమూర్తి రాజ్యాంగం రాసిన బోర్డు వైపు కాసేపు చూసి, చివరి వాక్యం మీద వేలు పెట్టి, రెబెకాని అడగమన్నాడు. పత్రికలో వేయించుకుందామని కామిలా దగ్గరికి వెళితే, ఆమె కూడా రెబెకా వైపే చూసింది. రెబెకా కిటికీ పక్క సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఆలోచిద్దాం," అంది. ఆ ఉత్తర్వు చివరి రోజు దాకా ఆలోచనలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం కనకదుర్గ ఇంట్లో కూర తరుగుతూ ఇదంతా చెబుతుంటే దివాకర్ లాప్‌టాప్ మూసేసి విన్నాడు.

"అయితే ఆ రెబెకానే అసలు రాజన్నమాట."

"పిల్లలందరూ అలాగే అనుకుంటున్నారు," అంది కనకదుర్గ. "నేను ఇంకా అనుకోవట్లేదు."

నాలుగో రోజుకి ప్రణవి బల్ల చుట్టూ మనుషులు చేరారు. కిటికీ సీటు రావాలంటే కమిటీలోనో, దాని కింద శాఖల్లోనో పదవి ఉండాలి. పదవి రావాలంటే పేరు జాబితాలో ఉండాలి. జాబితా ప్రణవి రాస్తుంది. రెబెకాకి రోజూ సంతకాలు పెట్టాల్సినవి చాలా ఉండేవి. జాబితా పైనుంచి కిందికి చదివే ఓపిక ఆమెకు లేదు. ప్రణవి రాసింది రాసినట్టే సంతకం పెట్టేది. మొదట ఎవరో ఇద్దరు ఆ పదవులు విసుగని వదులుకుంటే ఆ ఖాళీల్లోకి ప్రణవి తన స్నేహితురాలు అవనిని, లెక్కల క్లాసులో తనకు సాయం చేసే ఇంకో అబ్బాయిని రాసింది. మరో మూడు పేర్లు మార్చింది. ఓవెన్ పేరు మార్చలేదు గానీ, మార్చగలనని ఓవెన్‌కి తెలిసేలా ఒకసారి పెన్సిల్‌తో అతని పేరు కింద గీత గీసింది.

ఐదో రోజు పార్టీ మహాసభ. ప్రధాన కార్యదర్శి పదవికి అభ్యర్థి ఒక్కరే ఉంటారని నియమం. ఆ ఒక్కరి పేరు ప్రతిపాదించేది కమిటీ. రెబెకా తన పేరు చదువుతారని నవ్వుతూ ఎదురు చూసింది. చదివిన పేరు ప్రణవిది. చేతులెత్తమన్నారు. తొమ్మిదింట ఎనిమిది లేచాయి. కాసేపటికి రెబెకా చెయ్యి కూడా లేచింది.

"నాకే తెలియకుండా నేనెప్పుడు దిగిపోయాను?" అంది రెబెకా, గంట కొట్టాక, కనకదుర్గ బల్ల దగ్గరికి వచ్చి. ఆమెకు కోపం లేదు. పజిల్‌లో ఒక ముక్క తగ్గినవాళ్ళలా ఉంది.

"నువ్వు సంతకాలు పెట్టిన కాగితాలన్నీ ఇంటికి తీసుకెళ్ళి చదువు," అంది కనకదుర్గ.

వారాంతంలో నమ్రత వచ్చింది. నిజామాబాద్ మనిషి, ఏదైనా మొహం మీదే అడుగుతుంది. వంటగదిలో స్టూలు లాక్కుని కూర్చుని, "దుర్గక్కా, మా పిల్లకి ఏం నేర్పిస్తున్నవ్ నువ్వు?" అంది.

"ఏం, ఏమైంది?"

"ఇంట్ల అందరికీ పోస్టింగులు ఇస్తుంది. వాళ్ళ డాడీని ట్రాష్ డిపార్ట్‌మెంట్‌కి వేసింది. నాకు కిచెన్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చిందంట. లిస్ట్ రాసి ఫ్రిజ్‌కి అంటించింది."

కనకదుర్గ నవ్వు ఆపుకోలేకపోయింది. నమ్రత కూడా నవ్వింది గానీ అది ఎక్కువసేపు నిలవలేదు.

"నవ్వులాట కాదక్కా. ఎవరో పేరెంట్ ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ కొట్టిండ్రంట. సబ్‌స్టిట్యూట్ వచ్చి డిక్టేటర్‌షిప్ నేర్పిస్తుందని. మనది అసలే మొగుళ్ళ వీసా మీద హెచ్‌-ఫోర్ బతుకు, అక్కా. నీ వర్క్ పర్మిట్, ఈఏడీ రెన్యువల్ కూడా ఉంది గదా. ఎందుకొచ్చిన తిప్పలు, ఆ వర్క్‌షీట్లే ఇచ్చెయ్యరాదు?"

ఈమెయిల్ సంగతి కనకదుర్గకి అప్పటికే తెలుసు. ప్రిన్సిపాల్ మిస్ విట్‌ఫీల్డ్ శుక్రవారం సాయంత్రమే రెండు వాక్యాలు రాసింది. ఒక తల్లో తండ్రో ఆందోళన పడుతున్నారనీ, చివరి రోజు తాను వచ్చి చూస్తాననీ. ఆ రెండు వాక్యాలు కనకదుర్గ చాలాసార్లు చదివింది. కోపంగా రాసిందో మామూలుగా రాసిందో అంతు చిక్కలేదు.

"వర్క్‌షీట్ ఇస్తే గడులు నింపుతారు, నమ్రతా. ఆ గడిలోవాళ్ళు ఎలా ప్రవర్తిస్తారో తెలియదు. ఇంకా నాలుగు రోజులేగా. చూద్దాం."

"నీకు భయం లేదా?"

"ఉంది. కానీ చాలా ఏళ్ళకి పని చేస్తున్నట్టుంది."

నమ్రత స్టూలు ముందుకు జరుపుకుని, "సరే, టీ పెట్టు," అంది.

ఏడో రోజు బడి వదిలాక ప్రణవి బస్సు ఎక్కకుండా పార్కింగ్ దగ్గర నిలబడి ఉంది. కనకదుర్గ బ్యాగు కారులో పెడుతుంటే దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఒక్క నిమిషం. ఇప్పుడు ఆంటీ అనొచ్చా?"

"బడి అయిపోయిందిగా. అనొచ్చు."

"ఈరోజు నేను అడిగాను, హోంవర్క్ డివైడ్ చేసింది ఫెయిర్‌గా ఉందా అని. అందరూ చాలా బాగుంది అన్నారు. బాలేదు, ఆంటీ. నాకు తెలుసు. బ్యాక్ రోలో వాళ్ళకి డబుల్ వచ్చింది, నేను కౌంట్ తప్పు చేశాను. ఎవరూ చెప్పలేదు."

"కామిలా పత్రికలో ఏం రాసింది?"

"పౌరులు హోంవర్క్ ఇంకా కావాలి అంటున్నారు, అని రాసింది." ప్రణవి పెదవి కొరుక్కుంది. "లంచ్‌లో కూడా అంతే. నేను వెళితే అవని మాటలు ఆపేస్తుంది. ఇది జస్ట్ క్లాస్ గేమ్ కదా. ఎందుకు ఇలా అవుతుంది?"

కనకదుర్గ కారు తలుపు తెరిచే ఉంచి, సీటు అంచున కూర్చుంది. పక్కన చోటు చూపిస్తే ప్రణవి కూడా కూర్చుంది.

"నీకేం చేయాలనిపిస్తోంది?"

"సీక్రెట్ బ్యాలెట్ పెట్టాలని ఉంది. అందరికీ. పేపర్ మీద, పేరు లేకుండా. నేను ఓడిపోతాను అనుకుంటా. ఇట్స్ ఓకే. నాకు నిజం ఏంటో తెలియాలి."

"పెట్టుకో మరి. నువ్వే కదా ప్రధాన కార్యదర్శివి."

ఆ పిల్ల మొహం తేటపడింది. ఇది అంత తేలిగ్గా జరగదని కనకదుర్గకి తెలుసు. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. చెబితే అది పాఠం అవుతుంది, జరిగితే అనుభవం అవుతుంది అనుకుని ఊరుకుంది. అయినా ఆ పిల్లను ఇంటి దగ్గర దించి వస్తూ దారంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

తొమ్మిదో రోజు మిస్ విట్‌ఫీల్డ్ చెప్పిన సమయానికే వచ్చింది. గది తలుపు దగ్గర ఓవెన్ మనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు.

"ప్రవేశ పత్రం?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"నేను మీ ప్రిన్సిపాల్‌ని."

"వాఫ్లియాలో ప్రిన్సిపాల్ అనే పదవి లేదండీ. విదేశీయులు ఈ ఫారం నింపాలి."

లోపల కనకదుర్గ గబగబా తలుపు దగ్గరికి నడిచింది. తలుపు అద్దంలోంచి చూస్తే మిస్ విట్‌ఫీల్డ్ గోడకి కాగితం ఆనించి శ్రద్ధగా ఫారం నింపుతోంది. 'రాకకు కారణం' అన్న చోట ఆమె 'విహారయాత్ర' అని రాసిందని తరువాత తెలిసింది. ఏడు నిమిషాలు నిలబెట్టాక లోపలికి పంపించి, వెనక వరసలో కూర్చోబెట్టారు.

మహాసభ మొదలైంది. ప్రణవి లేచి నిలబడింది.

"ఈరోజు నా ప్రతిపాదన ఒక్కటే. కమిటీ కాకుండా దేశంలో అందరూ, ఇరవై ఆరుగురూ, రహస్యంగా ఓటు వేయాలి. ఎవరు నడిపించాలో వాళ్ళే రాయాలి. కాగితాలు నేను కత్తిరించి తెచ్చాను."

పౌరుల వరసల్లో ఒక గుసగుస లేచింది. కమిటీ వరసలో మాత్రం అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. కిటికీ పక్క ఎండ వాళ్ళ బల్లల మీద పడుతోంది.

ఓవెన్ నెమ్మదిగా లేచాడు. "నియమం ప్రకారం దీనికి కమిటీ ఆమోదం కావాలి."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను."

"మన ప్రధాన కార్యదర్శి దేశం కోసం చాలా శ్రమపడ్డారు," అన్నాడు ఓవెన్, కమిటీ వైపు తిరిగి. గొంతులో ఎంతో మర్యాద ఉంది. "నిద్ర కూడా సరిగా పోయినట్టు లేరు. ఆమెకు విశ్రాంతి అవసరమని నా ప్రతిపాదన. రహస్య ఓటు గురించి తరువాత ఆలోచిద్దాం."

"నేను బాగానే ఉన్నాను," అంది ప్రణవి.

"విశ్రాంతికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ఓవెన్ చెయ్యి, స్పీకర్ చెయ్యి, న్యాయమూర్తి చెయ్యి లేచాయి. తరువాత లెక్కల క్లాసు అబ్బాయిది. ప్రణవి జాబితాలోకి ఎక్కించినవాళ్ళవి ఒక్కొక్కటే. అవని తల వంచుకుని, ఒళ్ళో చూసుకుంటూ, చెయ్యి మాత్రం పైకెత్తింది. మొత్తం ఎనిమిది.

ప్రణవి ఆ చేతులన్నిటినీ ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది. ఏడుస్తుందేమోనని కనకదుర్గ కుర్చీలోంచి సగం లేచింది. ప్రణవి ఏడవలేదు. ముందు నోరు తెరిచి, తరువాత గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వు విని అవని కూడా నవ్వింది. క్షణంలో గదంతా నవ్వులయింది. ఓవెన్ ఒక్కడే మర్యాద తప్పకుండా నిలబడి, వాఫ్లియా కొత్త ప్రధాన కార్యదర్శిగా తన మొదటి ప్రసంగం మొదలుపెట్టాడు. అది ముగిసేలోపే కనకదుర్గ దేశాన్ని రద్దు చేసింది.

గంట కొట్టడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. మొదట మాట్లాడింది కైల్.

"నేను తొమ్మిది రోజులు ప్రెసిడెంట్‌ని. ఆ తొమ్మిది రోజుల్లో నా సొంతంగా నిర్ణయించింది ఒక్కటే."

"ఏమిటది?" అంది మిస్ విట్‌ఫీల్డ్.

"జాతీయ జంతువు. ఉడుత."

నవ్వులు ఆగాక కామిలా అంది, తనను ఫలానాది రాయమని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదని. "చెప్పకముందే నాకు తెలిసిపోయేది ఏం రాయాలో. అదే ఇప్పుడు తలచుకుంటే ఇబ్బందిగా ఉంది."

రెబెకా తన బ్యాగులోంచి సంతకాలు పెట్టిన జాబితాల కట్ట తీసి, ఏ రోజు ఏ పేరు మారిందో వరసగా చదివి వినిపించింది. తన పతనం గురించి అంత ఉత్సాహంగా చెప్పేవాళ్ళను కనకదుర్గ అంతకుముందు చూడలేదు.

అవని ప్రణవి పక్కనే కూర్చుంది. "సారీ," అంది. "సీక్రెట్ ఓటు వస్తే నా కిటికీ సీటు పోతుందేమో అనిపించింది. అది ఈ ఒక్కరోజు సీటే అని తెలుసు. అయినా చెయ్యి లేచిపోయింది."

"నేను పెట్టినవాళ్ళు నావాళ్ళు అనుకున్నాను," అంది ప్రణవి. "వాళ్ళు సీట్ల మనుషులు. నేను కూడా అంతే అయ్యాను, మధ్యలో."

వర్క్‌షీటు తీసుకొచ్చి మళ్ళీ పంచితే, ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. కొందరు గోపురం పక్కన బాణాలు గీశారు, కిందినుంచి పైకీ, పక్కలకీ. ఒకమ్మాయి గోపురం మొత్తం కొట్టేసి వల గీసింది.

పిల్లలు వెళ్ళాక మిస్ విట్‌ఫీల్డ్ కాసేపు బోర్డు మీది రాజ్యాంగం చదువుతూ నిలబడింది.

"ఆ ఈమెయిల్‌కి నేనే జవాబు రాస్తాను," అంది. "వచ్చి ఫారం నింపి చూడమని. సరే గానీ, మీరు టీచర్ లైసెన్సుకి ఎందుకు అప్లై చేయలేదు?"

"నా డిగ్రీలు ఇండియావి. ఇక్కడి డిగ్రీలతో సమానమేనని ఇవాల్యుయేషన్ చేయించాలి. వీసా సంగతి కూడా..." కనకదుర్గ ఆగింది. ఈ జవాబు ఆమె ఈ దేశానికి వచ్చినప్పటి నుంచీ, పన్నెండేళ్ళుగా, తనకు తాను చెప్పుకుంటున్నదే. బయటికి వింటే అంత పెద్దదిగా అనిపించలేదు.

"ఇవాల్యుయేషన్ కాగితం తెచ్చివ్వండి. మిగతా దారి ఏముందో ఆఫీసులో కనుక్కుని చెబుతాను. మాట ఇవ్వలేను, కనుక్కుంటాను."

ఆ రాత్రికి ఇంట్లో పాయసం వండారు. వండింది దివాకర్. సేమ్యా కాస్త ముద్దయింది గానీ ఇద్దరూ రెండేసి గిన్నెలు తిన్నారు.

ఆ తరువాతి శనివారం ఉగాది వేడుక. ఊళ్ళో తెలుగువాళ్ళు ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని జరుపుకుంటారు. సంఘానికి అధ్యక్షుడు కేశవరావు గారు. అరవై దాటిన మనిషి, ఫార్మాలో పని చేసి రిటైరయ్యారు. ఏడేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. హాలు బుక్ చేయడం దగ్గర్నుంచి పులిహోర ట్రేలు మోయడం దాకా అన్నీ ఆయనే చూసుకుంటారు. పిల్లల డాన్సులయ్యాక ఆయన మైకు తీసుకుని, ప్రతి ఏడూ చెప్పినట్టే, వచ్చే సంవత్సరానికి కమిటీ ఏకగ్రీవంగా ఎన్నికైందని చదివారు. హాల్లో అలవాటు ప్రకారం చప్పట్లు మొదలయ్యాయి.

మూడో వరసలో ప్రణవి లేచి నిలబడింది. నమ్రత ఆమె లంగా కొస పట్టుకుని లాగింది గానీ లాభం లేకపోయింది.

"అంకుల్, ఒక క్వశ్చన్ అడగొచ్చా?"

"అడుగమ్మా."

"ఈ నేమ్స్ ఎవరు సెలెక్ట్ చేశారు?"

"నామినేషన్ కమిటీ అమ్మా."

"ఆ కమిటీని ఎవరు సెలెక్ట్ చేశారు?"

కేశవరావు గారు కళ్ళజోడు సరిచేసుకున్నారు. "నేనే."

"మరి మిమ్మల్ని?"

ఆయన ఈసారి కళ్ళజోడు తీసేశారు. "వాళ్ళే," అన్నారు.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత హాలంతా నవ్వింది. నమ్రత రెండు చేతులతో మొహం కప్పుకుంది. కనకదుర్గ పక్కన దివాకర్, "ఇది నీ పనే," అని గొణిగాడు. అందరికన్నా ఆలస్యంగా నవ్వింది కేశవరావు గారు. నవ్వి, మైకు పక్కన పెట్టకుండానే వేదిక అంచు మీద కూర్చున్నారు.

"ఏడేళ్ళ నుంచి చూస్తున్నానమ్మా ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ కాదనరు, ఎవరూ తీసుకోరు. నాకు మోకాళ్ళు నొప్పులు. ఎవరు చేస్తారో చెప్పండి, ఈరోజే అప్పజెప్పేస్తాను."

ఎవరూ లేవలేదు. అప్పుడు ప్రణవే పేపర్ నాప్కిన్లు పంచింది. ఎవరైతే బాగుంటుందో పేరు రాసి, మడిచి, ఖాళీ అయిన లడ్డూల ట్రేలో వేయమంది. నూట నలభై నాప్కిన్లు వచ్చాయి. ప్రణవితో పాటు వచ్చిన అవని, దివాకర్ కలిసి స్టేజీ మీద అందరికీ కనిపించేలా లెక్కపెట్టారు. కేశవరావు గారికి నలభై తొమ్మిది. నమ్రతకి యాభై ఎనిమిది. మిగతావి అటూ ఇటూ చీలిపోయాయి.

"నేనెప్పుడు నిలబడ్డ? నన్నెవరు అడిగిండ్రు?" అంది నమ్రత లేచి. జనం చప్పట్లు కొట్టారు. ఈసారి చప్పట్లు వేరుగా వినిపించాయి. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ప్రతి ఇంటికీ మొదటి వారం కూర వండి పంపేది నమ్రతే అన్న సంగతి ఆమె మరిచిపోయినా వాళ్ళు మరిచిపోలేదు. ఆమె కాసేపు వాదించి, చివరికి కళ్ళు తుడుచుకుని, మైకు తీసుకుంది. ముందుగా భోజనాల వరస ఎటునుంచో చెప్పింది.

కనకదుర్గ ప్లేటు పట్టుకుని వచ్చేసరికి కేశవరావు గారు ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా బొబ్బట్టు, దాని మీద కరుగుతున్న నెయ్యి.

"ఇలా రా అమ్మా, కూర్చో," అన్నారాయన, పక్క కుర్చీ లాగి. "ఏడు ఉగాదుల్లో ఇది వేడిగా తినడం నాకు ఇదే మొదటిసారి."